రిబావిరిన్‌తో రక్తం పడిపోయినప్పుడు: ఒక సరిహద్దు జిల్లా కేసు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ప్రాక్టీసు చేసే ఫిజీషియన్‌కి "రక్తం తక్కువైంది" అన్న మాట రోజూ వినపడేదే. ఐరన్ లోపం, నులిపురుగులు, మలేరియా, సికిల్ సెల్... ఇక్కడ కారణాలకు కొదవ లేదు. అందుకే కొత్తగా ఎవరికైనా హిమోగ్లోబిన్ తగ్గితే అందరి ఆలోచనా పాత దారిలోనే వెళుతుంది. ఈ కేసులో అసలు కారణం రోగి హెపటైటిస్ సి జబ్బుకి రోజూ మింగుతున్న రిబావిరిన్ క్యాప్సూల్‌లోనే ఉంది. అది తెలిసిన తరవాత కూడా ప్రతి మలుపులో ఏదో ఒక అనుమానం అడ్డొచ్చింది. రోగి అనుమతితో రాస్తున్నాను. ఊరు, వృత్తి లాంటి గుర్తుపట్టే వివరాలు వదిలేశాను.

మనిషి, జబ్బు

58 ఏళ్ల తెలుగాయన. తాతల నాడే ఒడిశా వైపు వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. 1990లలో లారీ ప్రమాదంలో తొడ ఎముక విరిగి ఆపరేషన్ అయింది, రక్తం ఎక్కించారు. మన దేశంలో దాతల రక్తానికి హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి చేసింది 2001లో కాబట్టి జబ్బు అలాగే వచ్చి ఉంటుందని ఊహించడం కష్టం కాదు. మద్యం అలవాటు లేదు. ఏళ్ల తరబడి ఏ బాధా లేదు. కాళ్ల వాపు, కడుపులో నీరు వచ్చాకే విషయం బయటపడింది.

వైరస్ జీనోటైప్ 3, అంటే ఈ వైరస్ రకాల్లో మూడోది. మన దగ్గర ఎక్కువగా కనపడేది అదే. లివర్ అప్పటికే సిరోసిస్‌లోకి, అంటే మచ్చలు పడి గట్టిపడే దశలోకి వెళ్లింది. బిలిరుబిన్ (కామెర్ల పసుపు) 2.2, అల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రోటీన్) 2.9, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె) 1.8, కడుపులో కొద్దిగా నీరు, మతిమాటలు స్పష్టం. లివర్ ఎంత చెడిందో కొలిచే చైల్డ్-ప్యూ లెక్కలో 9 పాయింట్లు, అంటే బి తరగతి చివరి మెట్టు. బరువు 54 కిలోలు, అందులో కొంత నీటి బరువే. హిమోగ్లోబిన్ 11.8.

2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం వల్ల మందులు ఉచితంగా దొరుకుతాయి. మెడికల్ కాలేజీలోని లివర్ డాక్టరు 12 వారాల కోర్సు రాశారు: సోఫోస్బువిర్ 400, వెల్పటాస్విర్ 100 కలిసిన మాత్ర రోజుకొకటి, దానితోపాటు రిబావిరిన్. నెలకోసారి అక్కడికి వెళ్లాలి. మధ్యలో రక్తపరీక్షలు, బాగోగులు నా వంతు.

కొత్త మాత్రలు ఇంత బాగా పనిచేస్తున్నప్పుడు పాతకాలపు రిబావిరిన్ ఎందుకు అని చాలామంది అడుగుతారు. దెబ్బతిన్న లివర్, పైగా జీనోటైప్ 3 అయినప్పుడు దాని అవసరం తీరలేదు. 2015లో వచ్చిన ఆస్ట్రల్-4 ట్రయల్‌లో లివర్ చెడిన రోగులకు సోఫోస్బువిర్-వెల్పటాస్విర్ ఒక్కటే 12 వారాలు ఇస్తే 83 శాతం మందికి, రిబావిరిన్ కలిపితే 94 శాతం మందికి, రిబావిరిన్ లేకుండా 24 వారాలు ఇస్తే 86 శాతం మందికి వైరస్ పోయింది. జీనోటైప్ 3 వాళ్లను విడిగా చూస్తే తేడా ఇంకా పెద్దది: 50, 85, 50. ఒక్కో గుంపులో వాళ్లు పదిహేను మంది కూడా లేరు కాబట్టి ఆ అంకెల్ని అక్షరాలా నమ్మనక్కర్లేదు. అయినా ఈ రోగి విషయంలో నా ప్రతి నిర్ణయం వెనకా అవే ఉన్నాయి. రిబావిరిన్ ఆపేయడం మాటల్లో తేలిక, ఫలితంలో కాదు.

రిబావిరిన్ గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది. మగవాడు వేసుకున్నా కోర్సులోనూ, ఆపాక ఆరు నెలల వరకూ భార్యకు గర్భం రాకుండా చూసుకోవాలి. ఈ దంపతులు ఆ వయసు దాటారు కాబట్టి ఆ మాట చెప్పి ముందుకు వెళ్లాం.

రక్తం పడిపోవడం

రిబావిరిన్ 200 మి.గ్రా. క్యాప్సూళ్లు మూడింటితో, అంటే రోజుకు 600తో మొదలైంది. రెండో వారం హిమోగ్లోబిన్ 11.0. పెద్దగా తగ్గలేదని, బరువు లెక్క ప్రకారం 1000కి పెంచారు. పొద్దున్న రెండు, రాత్రి మూడు.

మూడో వారంలో నీరసం అంటూ ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లారు. ఆయన కళ్ల రెప్పలు దించి చూసి ఐరన్ మాత్రలు, ఒక బి12 ఇంజెక్షన్ ఇచ్చారు. నాలుగో వారానికి ఇంట్లో మూడు మెట్లు ఎక్కినా ఆయాసం, కళ్లు పచ్చబడ్డాయి, విరేచనం నల్లగా అవుతోంది. భయపడి రాత్రిపూట దగ్గర్లోని ఒక ఆసుపత్రికి తీసుకెళితే "లివర్ పేషెంటు, లోపల రక్తం కారుతోందేమో" అని పాంటోప్రజోల్ (కడుపులో ఆమ్లం తగ్గించే గ్యాస్ మాత్ర) మొదలుపెట్టారు. మర్నాడు నా దగ్గరికి వచ్చేసరికి హిమోగ్లోబిన్ 9.4, మొత్తం బిలిరుబిన్ 3.6.

ఆయన భార్య నా టేబుల్ మీద ఇంకో కాగితం పెట్టారు. మనవరాలికి బడిలో సికిల్ సెల్ పరీక్ష చేసి ఇచ్చిన కార్డు. అందులో 'వాహకురాలు' అని ఉంది. "ఇది మా ఇంట్లో ఉందని మాకు తెలీదు బాబూ. ఈయనకీ అదేనా?"

అంటే ఒకే రోజు నా ముందు నాలుగు అనుమానాలు: లోపల రక్తస్రావం, లివర్ ఇంకా చెడిపోవడం, సికిల్ సెల్, రిబావిరిన్. ఐరన్ లోపం ఐదోది. అప్పటికే దానికి మందు నడుస్తోంది.

ఒక్కొక్కటీ తీసేయడం

రక్తస్రావాన్ని ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే మిగతావాటికి టైముంది, దానికి లేదు. సిరోసిస్ ఉన్నవాళ్లలో నల్లటి విరేచనాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ ఐరన్ మాత్రలు వేసుకున్నా నల్లగానే అవుతుంది. రక్తం కారితే తారులా జిగురుగా, భరించలేని వాసనతో ఉంటుంది. ఐరన్ నలుపు కొంచెం పచ్చ కలిసినట్టు, గట్టిగా, మామూలు వాసనతో ఉంటుంది. అడిగితే ఆయన చెప్పింది రెండో రకం. బీపీ, నాడి నిలకడగా ఉన్నాయి, యూరియా పెరగలేదు. అయినా ఎండోస్కోపీ కోసం విశాఖపట్నం పంపాను. అన్నవాహికలో చిన్న సిరలు ఉబ్బి ఉన్నాయి, రక్తం కారిన జాడ లేదు.

ఆ రిపోర్టు రాగానే చేసిన మొదటి పని పాంటోప్రజోల్ ఆపడం. వెల్పటాస్విర్ ఒంటపట్టడానికి కడుపులో ఆమ్లం కావాలి. గ్యాస్ మాత్ర అని చూసీచూడనట్టు వదిలేస్తే అసలు మందు పనే తగ్గిపోతుంది. హెపటైటిస్ సి మందులు వాడేవాళ్లందరికీ నేను ముందే చెప్పే మాట ఇది: పాన్ మాత్ర అయినా నన్నడక్కుండా వేసుకోకండి.

తరవాత లివర్. బిలిరుబిన్ 3 దాటడంతో చైల్డ్-ప్యూ 9 నుంచి 10కి వెళ్లింది. కాగితం మీద బి కాస్తా సి అయింది. సి తరగతి అని చదివి కోర్సే ఆపేసిన సందర్భాలు విన్నాను. అయితే బిలిరుబిన్‌ను విడదీసి చూడాలి. మొదట్లో 2.2లో డైరెక్ట్ (లివర్ మార్చిన భాగం) 1.1. ఇప్పుడు 3.6లో డైరెక్ట్ 1.3 మాత్రమే. పెరిగినదంతా దాదాపు ఇన్‌డైరెక్ట్ భాగమే, అంటే ఎర్రకణాలు పగిలి వచ్చిన పసుపు. అల్బుమిన్, ఐఎన్‌ఆర్ కదల్లేదు, కడుపులో నీరు నిజానికి తగ్గింది. లివర్ చెడుతుంటే ఇవన్నీ కూడబలుక్కున్నట్టు కదులుతాయి. కళ్లు పచ్చబడ్డాయని బంధువులు పసరు మందు పోయించాలని పట్టుబట్టారు. పసుపు వస్తున్నది రక్తం నుంచి, లివర్ నుంచి కాదు అని చెప్పి ఆపాల్సి వచ్చింది. ఈ లివర్ మీద ఏ పసరు పడినా ఏమవుతుందో చెప్పలేం.

ఐరన్ లోపం కాదని ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెర్రిటిన్ తేల్చింది: 410. ఉన్న ఐరన్ చాలదని కాదు, ఎక్కువే ఉంది. మాత్రలు ఆపించాను. రెటిక్యులోసైట్లు (కొత్తగా పుట్టిన ఎర్రకణాలు) పెరిగి ఉన్నాయి, కణాలు పగిలితే పెరిగే ఎల్‌డీహెచ్ కొంచెం పెరిగింది, కూంబ్స్ పరీక్ష నెగటివ్, అంటే ఒంట్లోని యాంటీబాడీలు కణాల్ని పగలగొట్టడం లేదు. ఎర్రకణాలు పగిలితే తగ్గే హాప్టోగ్లోబిన్ పరీక్ష చేయించలేదు. దాన్ని తయారుచేసేది లివరే కాబట్టి సిరోసిస్‌లో ఎలాగూ తక్కువే వస్తుంది, దానివల్ల తెలిసేదేం లేదు. మొత్తం మీద ఎముక మజ్జ బాగానే పనిచేస్తోంది, కణాలే తొందరగా పోతున్నాయి.

ఎర్రకణాల్ని కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపం కూడా ఈ ప్రాంతంలో ఆలోచించాల్సిందే. కానీ ఎర్రకణాలు చురుగ్గా పగులుతున్న సమయంలో ఆ పరీక్ష తప్పుడు నార్మల్ చూపించవచ్చు. కొత్తగా పుట్టిన కణాల్లో ఆ ఎంజైము ఎక్కువ. అందుకని పాత సంగతులు అడిగాను. కొన్నేళ్ల క్రితం వైవాక్స్ మలేరియాకి ప్రైమాక్విన్ 14 రోజులూ పూర్తిగా వేసుకున్నారట. ఆ లోపం ఉంటే ఆ మందుకే ఎర్రకణాలు పగిలేవి. మూత్రం రంగు మారలేదు, కామెర్లు రాలేదు. మా ప్రాంతంలో మలేరియా చరిత్ర కొన్నిసార్లు ల్యాబ్ కంటే ఎక్కువ చెబుతుంది.

ఇక సికిల్ సెల్. రాయగడ, కోరాపుట్, గంజాం, గజపతి అన్నిచోట్లా ఆ జన్యువు ఉంది. 2023 జులై 1న జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలయ్యాక బడిపిల్లల కార్డులు ఇంటింటికీ చేరుతున్నాయి. రిబావిరిన్ ప్యాకెట్ మీదే హెచ్చరిక ఉంటుంది, సికిల్ సెల్ జబ్బు, తలసీమియా మేజర్ ఉన్నవాళ్లకు ఇవ్వకూడదని. రక్తం ఎక్కించే మాట రాకముందే హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షకి శాంపిల్ తీయించాను. ఒకసారి దాత రక్తం కలిస్తే రెండుమూడు నెలలు ఆ రిపోర్టుని నమ్మలేం. ఫలితం: హిమోగ్లోబిన్ ఎస్ 36 శాతం, మిగతాది దాదాపు మామూలు హిమోగ్లోబిన్ ఎ. అంటే వాహకుడు మాత్రమే, జబ్బు లేదు.

ఇక్కడే తొందరపడి తప్పు దారి పట్టే ప్రమాదం ఉంది. కుటుంబంలో అందరికీ జవాబు దొరికేసింది: "సికిల్ వల్లే రక్తం పోతోంది, రిబావిరిన్ పడదు." కానీ వాహకుల్లో ఎర్రకణాల ఆయుష్షు మామూలుగానే ఉంటుంది. 58 ఏళ్లపాటు 12 చుట్టూ హిమోగ్లోబిన్‌తో తిరిగిన మనిషికి అదే జన్యువు ఈ నెలలో కొత్తగా రక్తహీనత తెచ్చిందనడం లెక్క కుదరదు. హెచ్చరిక జబ్బు ఉన్నవాళ్ల గురించి, వాహకుల గురించి కాదు.

అసలు జన్యువు

మిగిలింది రిబావిరిన్. అది ఎర్రకణంలోకి వెళ్లాక ఫాస్ఫేట్లు తగిలించుకుంటుంది. వాటిని తిరిగి ఊడదీసే సాధనం ఎర్రకణంలో లేదు. కాబట్టి లోపలే పేరుకుపోతుంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ తరిగిపోతుంది, పొర దెబ్బతింటుంది, ప్లీహం లాంటి అవయవాలు అలాంటి కణాల్ని ఏరి పారేస్తాయి. ఇది మందు వాడే ప్రతి ఒక్కరిలోనూ ఎంతోకొంత జరుగుతుంది. ఒకరికి హిమోగ్లోబిన్ ఒక గ్రాము, ఇంకొకరికి నాలుగు గ్రాములు ఎందుకు పడిపోతుంది అన్నది చాలాకాలం అర్థం కాలేదు. 2010లో నేచర్ పత్రికలో వచ్చిన జీనోమ్ అధ్యయనం 20వ క్రోమోజోమ్ మీది ఐటీపీఏ అనే జన్యువును చూపించింది. ఆ జన్యువులో రెండు మార్పుల వల్ల ఐటీపేజ్ అనే ఎంజైము పని తగ్గుతుంది. అలా తగ్గినవాళ్లకు రిబావిరిన్ వల్ల రక్తం పడిపోవడం తక్కువ. ఎంజైము మందగించినప్పుడు కణంలో ఐటీపీ అనే పదార్థం మిగిలిపోతుంది, ఏటీపీ తయారీకి కావాల్సిన జీటీపీ అనే పదార్థం తరిగిపోయిన చోట అది పని గడుపుతుంది.

రోగి కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. ఇదంతా నెట్‌లో చదివి, తండ్రి రక్తం శాంపిల్‌తో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో ఫార్మకోజీనోమిక్ ప్యానెల్ (మందులు ఎవరికెలా పడతాయో చెప్పే జన్యువుల పరీక్ష) చేయించాడు. నేను వద్దనలేదు, కానీ దానికోసం ఆగనని చెప్పాను. రిపోర్టు వచ్చేసరికి డోసు నిర్ణయాలన్నీ అయిపోయాయి. ఐటీపీఏలో ఏ మార్పూ లేదు. ఫోన్ చేసి "జీన్ నార్మలే సార్, మరి నాన్నకి ఇలా ఎందుకైంది?" అన్నాడు.

ఆ టెన్షన్ సహజమే. మన చెవికి 'జన్యు మార్పు' అంటే లోపం అనే వినపడుతుంది. ఇక్కడ మార్పు ఉన్నవాళ్లే అదృష్టవంతులు. ఎక్కువమందికి ఉండే మామూలు జన్యువే మీ నాన్నగారికీ ఉంది, అందుకే ఆ రక్షణ లేదు అని చెప్పాను. ఆ రిపోర్టు ముందే నా చేతిలో ఉన్నా డోసు తగ్గించేది హిమోగ్లోబిన్ చూసే. రక్షణ ఉన్న జన్యువు అని తేలినా వారం వారం పరీక్ష ఆపను. పాత ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ల కాలంలో ఐఎల్28బీ అనే జన్యువు గురించి కూడా ఇలాగే హడావిడి చేశాం. కొత్త మందులు వచ్చాక దాన్ని అడిగేవాళ్లే లేరు.

డోసు, కిడ్నీలు

నియమం సూటిగానే ఉంది: హిమోగ్లోబిన్ 10 కన్నా తగ్గితే 600కి దించాలి, 8.5 కన్నా తగ్గితే ఆపాలి. గుండెజబ్బు ఉంటే నాలుగు వారాల్లో రెండు గ్రాములు తగ్గడమే డోసు దించడానికి చాలు. ఈయనకు ఛాతీనొప్పి చరిత్ర లేదు, ఈసీజీ బాగుంది. మెడికల్ కాలేజీ డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి 600కి దించాం. ఐదో వారం 8.8. ఆరో వారం 8.6.

డోసు దించగానే రక్తం పెరుగుతుందని కుటుంబం అనుకుంది. పెరగదు. ఆపిన తరవాత కూడా ఈ మందు శరీరంలో సగానికి తగ్గడానికి పన్నెండు రోజులు పడుతుంది, ఎర్రకణాల్లో ఇంకా ఎక్కువ. కాబట్టి ఇవాళ దించిన డోసు ఫలితం రెండు వారాల తరవాతే కనపడుతుంది. ఈ మాట ముందే చెప్పకపోతే ఆ రెండు వారాల్లో రోగి ఇంకో ఆసుపత్రికి వెళ్లిపోతాడు.

అయినా 8.5 గీత దగ్గరగా ఉంది. ఇంకా ఏదైనా కారణం కలిసిందా అని చూస్తే కిడ్నీల పని చూపే క్రియాటినిన్ 0.9 నుంచి 1.1 అయింది. ల్యాబ్ కాగితం మీద దానికి గుర్తు కూడా పెట్టరు. 54 కిలోల మనిషికి, ఆ వయసుకి లెక్కగడితే క్లియరెన్స్, అంటే కిడ్నీలు వడపోసే వేగం, నిమిషానికి 68 నుంచి 56 మిల్లీలీటర్లకు దిగింది. సిరోసిస్‌లో కండ కరిగిపోతుంది కాబట్టి క్రియాటినిన్ నిజం కన్నా తక్కువ చూపిస్తుంది. అసలు క్లియరెన్స్ 50 కన్నా కిందే ఉండవచ్చు. రిబావిరిన్ ప్రధానంగా బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. క్లియరెన్స్ 50 దాటని వాళ్లకు డోసు ఇంకా తక్కువ ఉండాలి. అంటే ఈయనకు 600 కూడా పుస్తకంలోని 600 కాదు.

రెండు పనులు చేశాం. కడుపులో నీరు తగ్గినా పాత డోసులోనే నడుస్తున్న లాసిక్స్‌ను (ఒంట్లో నీరు తీసే మందు) సగం చేశాం. రిబావిరిన్‌ను 400కి దించాం, పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి, రెండూ తిన్న తరవాత. మిల్లీగ్రాముల లెక్క చెప్పలేదు. మిగిలిన క్యాప్సూళ్లను ఆయన భార్య పూట పూటకి పొట్లాలు కట్టి పెట్టుకున్నారు. సోఫోస్బువిర్-వెల్పటాస్విర్ ఒక్క రోజు కూడా తప్పకూడదని మాత్రం గట్టిగా చెప్పాను. రక్తం తగ్గిందని మొత్తం కోర్సు ఆపేయడమే ఇలాంటి కేసుల్లో జరిగే పెద్ద నష్టం.

రిబావిరిన్ పూర్తిగా ఆపి 24 వారాలకు పొడిగించడం రెండో దారి. 8.5 దాటి కిందికి వెళితే అదే చేద్దామని ముందే అనుకున్నాం. జీనోటైప్ 3 అంకెలు చూశాక చివరి వరకూ దాన్ని వాయిదా వేయాలనిపించింది.

"ఒక బాటిల్ రక్తం ఎక్కించెయ్యండి" అని బావమరిది అడిగాడు. ఆయాసం విశ్రాంతిలో లేదు, గుండె బాగుంది. సిరోసిస్‌లో అవసరం లేకుండా రక్తం ఎక్కిస్తే పోర్టల్ సిరల్లో ఒత్తిడి పెరిగి, అంతవరకూ కారని రక్తం కారవచ్చు. 7 దగ్గరికి వస్తే తప్ప వద్దన్నాను. నాకంటే ముందు రోగే తల అడ్డంగా ఊపారు: "రక్తంతోనే కదా బాబూ ఈ జబ్బొచ్చింది, మళ్లీ రక్తమా?" ఇప్పుడు దాతల రక్తాన్ని పరీక్షిస్తారని చెప్పాను గానీ ఆ భయాన్ని తప్పుపట్టలేను. ఎర్రకణాల తయారీని పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ గురించీ ఆలోచించాం. పనిచేయడానికి వారాలు పడుతుంది, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, 12 వారాల కోర్సులో సగం అయిపోయింది. వదిలేశాం.

పరీక్షలన్నీ ఒకే ల్యాబ్‌లో, ఒకే మెషీన్ మీద చేయించాం. రెండు ల్యాబ్‌ల మధ్య అర గ్రాము తేడా మామూలే. 8.6కీ 8.3కీ మధ్య నిర్ణయం మారిపోయేచోట ఆ తేడాతో ఆడుకోకూడదు.

ఎనిమిదో వారం 8.9. బిలిరుబిన్ 2.8. పన్నెండో వారం కోర్సు ముగిసేసరికి 9.6. రిబావిరిన్ ఆపిన నెలకి 11.4. క్రియాటినిన్ 0.9కి వచ్చింది. కోర్సు అయ్యాక మరో 12 వారాలకు చేసిన వైరల్ లోడ్‌లో వైరస్ కనపడలేదు. డోసు సగానికన్నా తగ్గించి గడిపిన వారాలు ఫలితాన్ని చెడగొట్టలేదు. ఒక్క కేసుతో సిద్ధాంతం చేయలేం గానీ, తగ్గించిన రిబావిరిన్ అసలు లేనిదాని కన్నా మేలన్న నమ్మకంతోనే నడిచాం. వైరస్ పోయినా సిరోసిస్ పోదు, లివర్ క్యాన్సర్ భయమూ పోదు. ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ కొనసాగుతోంది.

ఇప్పుడు రిబావిరిన్ మొదలయ్యే ప్రతి రోగికీ నేను ముందే హెచ్‌పీఎల్‌సీ చేయిస్తున్నాను. ఐటీపీఏ కాదు. ఈ జిల్లాల్లో సికిల్ జబ్బు ఉన్నవాళ్లు కొందరు తెలియకుండానే పెద్దవయసు దాకా వస్తారు, వాళ్లకు ఈ మందు ఇవ్వకూడదు. వాహకులకు ఇవ్వవచ్చు. ఆ తేడా మందు మొదలుపెట్టకముందే కాగితం మీద ఉంటే, నాలుగో వారంలో పడే గందరగోళం సగం తగ్గుతుంది.

ఆ ఇంట్లో సికిల్ కార్డు ఇంకో పనికొచ్చింది. కొడుక్కి మేనత్త కూతురితో సంబంధం అనుకుంటున్నారు. తండ్రి వాహకుడైతే ఆయన సొంత చెల్లెలికీ ఆ జన్యువు ఉండే అవకాశం సగానికి సగం, ఆమె నుంచి కూతురికీ రావచ్చు. ఇద్దరూ వాహకులైతే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. కొడుకు పరీక్ష చేయించుకున్నాడు, అతనూ వాహకుడే. అమ్మాయి పరీక్ష గురించి వాళ్ల నాన్న ముందు ఒప్పుకోలేదు. "మా పిల్లకి ఏదో ఉందనుకుంటారు ఊళ్లో" అన్నారట. మా క్లినిక్‌కే రమ్మని, రిపోర్టు వాళ్ల చేతికే ఇస్తానని కబురు పంపాను. వచ్చారు. అమ్మాయికి ఆ జన్యువు లేదు.